జునిల్దా గదికి కొత్త సీలింగు

సోమవారం, జూలై 7
ఉదయం 7.10. నిర్ణయం: వెనక చిన్నగదికి జిప్సం బోర్డు సీలింగు, ఆరు రోజుల్లో పూర్తి. మేస్త్రీని పిలవం. మా అల్లుడు నిబాల్దో, పక్కింటి ఎవరిస్తో, నేను చాలు. ఎవరిస్తో నా పాత విద్యార్థి. లెక్కల్లో రెండుసార్లు తప్పాడు. ఇళ్ళు మాత్రం రెండు కట్టాడు.

కారణం: ఆదివారం మా అక్క జునిల్దాను ఆసుపత్రి నుంచి పంపిస్తున్నారు. ఆ గదిలో పాత చెక్క సీలింగు నుంచి పురుగు తిన్న పొడి రాలుతుంది. ఆమె ఊపిరితిత్తులకు అది పడదని డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చాడు. గది సిద్ధం కాకపోతే సన్యాసినుల వృద్ధాశ్రమంలో మంచం ఉంది. ఆ మంచం ఎక్కినవాళ్ళు దిగి ఇంటికి రావడం నేను చూడలేదు.

7.40. గది కొలిచాను. పొడవు 3 మీటర్లు, వెడల్పు 2.40. బోర్డు 2.40 కి 1.20. అంటే రెండున్నర బోర్డులు. మూడోదాన్ని దుకాణంలోనే సగానికి కోయించి, మిగతా సగం అక్కడే వదిలేశాను. అనవసరపు సామాను ఇంట్లో ఎందుకు? ముందు లెక్క, తర్వాత సుత్తి. నలభై ఏళ్ళు పిల్లలకు ఇదే చెప్పాను.

మంగళవారం, 8
ఎనిమిదికి రావలసిన ఎవరిస్తో 9.25కి వచ్చాడు. పదికి వాన. మా ఊరు వాల్దివియాలో జూలైలో వాన పడకపోతే అది వార్త. అయినా వీళ్ళిద్దరూ జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు కిటికీ దగ్గర నిలబడ్డారు. వాన పడితే గుమ్మడికాయ కలిపిన పిండితో సోపాయిపియా పూరీలు వేయించాలి, అది ఇంటి ధర్మం.
వేయించినవి: 34. మిగిలినవి: 0. బిగించిన మరలు: 4.

బుధవారం, 9
ఇనుప పట్టీలు మొదలయ్యాయి. 60 సెంటీమీటర్లకు ఒకటి. నేను కింద కుర్చీలో, కాగితంతో.
"టీచరమ్మా, చివరి సందు కాస్త వెడల్పుగా వస్తోంది" అన్నాడు ఎవరిస్తో.
"కాగితం ప్రకారం బిగించు. కాగితానికి తెలియంది నీకు తెలుసా?"
"నాకేం తెలుసమ్మా, రెండుసార్లు తప్పినవాణ్ణి."
వినయం వచ్చింది. ఆలస్యంగానైనా.

గురువారం, 10
11.00. పట్టీలన్నీ బిగిశాయి. వెంటనే ఎవరిస్తో ఒక చిన్న జెండా తెచ్చి పట్టీకి కట్టాడు.
"ఇంటికి దూలాలు ఎక్కిన రోజు పనివాళ్ళకు మాంసం కాల్చి పెట్టాలి. లేకపోతే కప్పు నిలవదు, టీచరమ్మా."
"అది ఇంటి కప్పుకు. ఇది సీలింగు."
"నెత్తిమీద ఉండేది ఏదైనా కప్పే కదా, అత్తయ్యా" అన్నాడు నిబాల్దో.
"నువ్వెవరి పక్షం?"
"మాంసం పక్షం."
నేను ఒప్పుకోలేదు. ఎండు కట్టెలు ఎక్కడున్నాయో మాత్రం చెప్పాను.
సాయంత్రం 6.45. పని: సున్న. మాంసం చక్కగా కాలింది. న్యాయం కాబట్టి రాస్తున్నాను.

శుక్రవారం, 11
నిబాల్దోకు నడుం నొప్పి. ఎవరిస్తోకు తలనొప్పి. నాకు వాళ్ళిద్దరూ.
అయినా మధ్యాహ్నానికి ఒక బోర్డు ఎక్కింది. ఎవరిస్తో మరలు బిగిస్తుంటే నిబాల్దో బోర్డును తలతో ఆపి పట్టుకున్నాడు. ఆ తలకు ఇన్నాళ్ళకు ఒక ఉపయోగం దొరికింది.
ఇంకా ఒకటిన్నర. రేపు ఒక్కపూట పని.

శనివారం, 12
12.20. చివరి సగం బోర్డు ఎక్కించారు. గోడకు అందలేదు. ఏడు సెంటీమీటర్ల సందు.
ఎవరిస్తో దారానికి గుండు కట్టి వేలాడదీశాడు. గోడ పైకి పోయేకొద్దీ బయటికి వాలి ఉంది. 1960లో భూకంపం వచ్చినప్పుడు ఇంట్లో ఒక్క మేకు కూడా కదల్లేదని మా నాన్న పోయేదాకా చెప్పుకున్నాడు. మేకులు కదల్లేదు నిజమే, గోడ కదిలింది.
"పాత ఇళ్ళు పైనా కిందా రెండుచోట్లా కొలవాలి. ఈ ఊళ్ళో అందరికీ తెలుసు" అన్నాడు.
"మరి నాకెందుకు చెప్పలేదు?"
"మీకు చెప్పడమంటే, టీచరమ్మా..."
ఆ వాక్యం పూర్తి చేయలేదు. బడిలోనూ అంతే.

12.50. వదిలేసిన సగం బోర్డు కోసం నిబాల్దో దుకాణానికి పరుగెత్తాడు. మూసేశారు. మళ్ళీ సోమవారమే. సందులోంచి పైనున్న పాత చెక్క పొడి రాలుతోంది, సరిగ్గా దిండు పెట్టే చోట.

4.00. అక్కకు ఫోన్.
"గది సిద్ధమా?"
"తొంభై ఏడున్నర శాతం."
"మిగతా రెండున్నర?"
"నీ దిండు మీద."
అక్క అంది, "సన్యాసినులు ఆరింటికే సూప్ పోసి దీపాలు ఆర్పేస్తారట, ఎదెల్మీరా."
"తెలుసు."
"నేను ఎప్పుడైనా ఆరింటికి పడుకున్నానా?"
డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. ఎవరినీ ఏదీ అడగదు. అడిగితే ఇలాగే అడుగుతుంది.
"కొలత నేనే తప్పుగా తీసుకున్నాను" అన్నాను. "అయినా ఇక్కడికే రా."
"మొదటి మాట మళ్ళీ చెప్పు. నర్సు కూడా వింటుంది."

ఆదివారం, 13
11.30. వచ్చింది. బాగా చిక్కింది, నోరు మాత్రం చిక్కలేదు. నా గదిలో, నా మంచం మీద పడుకోబెట్టాను. నా పరుపు చిన్నగదిలో వేసుకున్నాను. నా ఊపిరితిత్తుల గురించి ఏ డాక్టరూ ఏమీ రాయలేదు.
సాయంత్రం 5.00. టీ ఇస్తూ, "నీ గది పూర్తయ్యేదాకా ఇక్కడ సర్దుకో" అన్నాను.
"ఇదే నా గది. పొయ్యి పక్కనే ఉంది. ఇక నన్ను కదపకు."
అంటే ఆ సీలింగు కింద ఉండబోయేది నేను.

సోమవారం, 14
ఉదయం 6.30. నిచ్చెన నేనే ఎక్కాను. నిబాల్దో కింద పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పైన పొడవు: ఒక గోడ వెంట 3.07, రెండో గోడ వెంట 3.04. రెండూ రాసుకున్నాను.
ఇప్పుడు గడువు పెట్టేవాళ్ళెవరూ లేరు, కాబట్టి నేనే పెడుతున్నాను. కొత్త నిర్ణయం: శుక్రవారానికి పూర్తి. రాసింది పైకి చదివాను.
"ఏ నెలలోనో కూడా రాయవే" అంది మా అక్క, నా మంచం మీది నుంచి.