అజ్మత్ బీ పంపిన పదకొండు గింజలు

కొల్లాపూర్,
15 జూన్ 2020.

చెల్లె నాగరాణికి,

అజ్మత్ బీ సలాం చెప్పి రాస్తున్నాను. ఇక్కడ మేము బాగున్నాం. అక్కడ మీరూ, రఘుపతి మరిదీ, మీ బర్రే బాగున్నారని నమ్ముతున్నాను.

బుష్రా, పసిపాప నిన్న క్షేమంగా ఇల్లు చేరారు. పాప బుగ్గలు చూసి మా వాడకట్టంతా నోరు తెరిచింది. మా బిడ్డ మీ పానగల్ బడికి టీచరుగా వచ్చి మీ ముందుగదిలో కిరాయికి దిగినప్పుడు, ఇంటి ఓనరు ఎట్లాంటిదో ఏమోనని నేను పడ్డ ఫికర్ అంతా ఇంతా కాదు. లాక్‌డౌన్‌లో దానికి నొప్పులు వచ్చిన రోజు నన్ను ఇక్కడి చౌరస్తా కూడా దాటనియ్యలేదు. అల్లుడు బీదర్‌లో చిక్కుకుపోయాడు. మీరే ఆటో మాట్లాడి నల్గొండ దవాఖానకు తీసుకుపోయారు. ఈ పిల్లకు అమ్మ ఎవరని నర్సు అడిగితే మీరు, "నేనే, రాస్కో" అన్నారట.

ఫోన్లో షుక్రియా చెప్పబోతే ఏడుపొచ్చి రెండుసార్లు లైను కట్ చేశాను. ఉత్తరంలో ఏడిస్తే ఎవరికీ వినబడదు కదా. పైగా గింజలు ఫోన్లో పోవు.

మా వాకిట్లోని నీలిపూల తీగ గురించి బుష్రా చెప్తే మీరు ముచ్చటపడ్డారట. మా అత్త నాటిన తీగ అది, ఇరవై రెండేళ్లయింది. ఏడాదికే ఎండిపోయే రకం కాదు. ఎండాకాలం ఎండుతాడులా పడి ఉంటుంది, వాన పడగానే లేచి గోడెక్కుతుంది. పొద్దున నీలంగా విచ్చుకున్న పువ్వు మధ్యాహ్నానికి ఊదారంగుకు తిరుగుతుంది. దాని గింజలు పదకొండు దాచాను. అన్నీ మీకే పంపుతున్నాను. నా దగ్గర ఇవ్వడానికి ఇంతకంటే మంచిది లేదు.

మీ అక్క,
అజ్మత్ బీ

మరిచాను: గింజ పెంకు గట్టిది. గరుకు రాయి మీద జర రాకి, రాత్రంతా గ్లాసు నీళ్లలో నానబెట్టి, తెల్లారి నాటండి. మరిదికి తోటపని అస్సలు రాదని బుష్రా చెప్పింది. ఆయన్ను గింజల దగ్గరికి రానియ్యకండి.


పానగల్,
28 జూన్ 2020.

అజ్మత్ అక్కకు,

నాగరాణి దండం పెట్టి రాస్తున్నాను. మేము బాగున్నాం. బర్రె మీ పేరు విని తోక ఊపింది.

మీ కవరు అందింది. నేను చేసిందానికి మీరు అంత పెద్దమాటలు రాశారు. నాకు పిల్లల్లేరు. నొప్పులతో ఉన్న పిల్ల నా చెయ్యి పట్టుకుని పిండేస్తుంటే, నా జన్మలో మొదటిసారి నేను ఎవరికో కావలసినదాన్ని అనిపించింది. షుక్రియా చెప్పాల్సింది నేను.

గింజలు మీరు చెప్పినట్టే రాకి నానబెట్టాను. పదకొండుకు పదకొండూ మొలిచాయి. ఒక్కటీ వృథా పోలేదు. పాపను నా తరఫున ముద్దాడండి.

మీ చెల్లె,
నాగరాణి

ఇంకో మాట: మా ఇంటాయన మీకు విడిగా దండాలు చెప్పమన్నాడు. ఫోన్లో ఆయనే చెప్పేవాడు గానీ, నీరసంగా పడుకుని ఉన్నాడు.


కొల్లాపూర్,
20 జూలై 2020.

మంచిచెయ్యి గల మా చెల్లెకు,

అజ్మత్ బీ సలాం. పాపకు నవ్వు వచ్చింది. ఎవర్ని చూసి నవ్వుతుందో ఇంకా తేలలేదు.

పదకొండుకు పదకొండా? ఉత్తరం చదివి వాడకట్టులో నాలుగిండ్లకు వినిపించాను. కొందరి చేతి మహిమ అట్లుంటుంది. మరిది నీరసం సంగతి అర్థమైంది. మొలకలకు నీళ్లు మోసి మోసి పడిపోయి ఉంటాడు. ఆయనకు తోటపని రాదని రాసినందుకు మాఫ్ చెయ్యమనండి. అట్లాంటి మొగుడు దొరకడం అదృష్టం.

ఇప్పుడు పందిరి వెయ్యాలి. లైన్‌మన్‌గా రిటైరైన మనిషికి తీగలు లాగడం ఒక లెక్కా? వానలు తగ్గినాక పువ్వు విచ్చుతుంది. మొదటి పువ్వు పుస్తకంలో పెట్టి ఒత్తి నాకు పంపండి. మీ ఇంట్లో పూసిన మా అత్త పువ్వును ఒక్కసారి చూడాలని ఉంది.

మీ అక్క,
అజ్మత్ బీ

కింద ఇంకొంచెం జాగా ఉంది కాబట్టి: మేకలను దగ్గరికి రానియ్యకండి. అసలు ఆ గింజలు ఎవరి కడుపులోకీ పోకూడదు, విషమని పెద్దలంటారు.


పానగల్,
17 అక్టోబర్ 2020.

అజ్మత్ అక్కకు,

నాగరాణి దండాలు. ఆలస్యమైనందుకు కోపం వద్దు. ఇక్కడ ఒకటే వానలు.

మా ఇంటాయన పందిరి వేశాడు. పాత జీఐ వైరు, నాలుగు గుంజలు, పదిహేను రోజుల పని. పందిరి మాత్రం చాలా బాగుంది. దాని గురించి ఎంతైనా రాయగలను. తీగ కూడా బాగుందనే అనుకోండి. నీళ్లట్యాంకు దాకా పాకింది. పొద్దున్నే దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

మీరడిగిన పువ్వు ఇందులో పెట్టాను. ఒత్తితే రంగు కాస్త మారింది.

మీ చెల్లె,
నాగరాణి

చెప్పడం మరిచాను: మీ గింజలు విషమన్న ఉత్తరం మా ఇంటాయనకు చదివి వినిపించాను. ఆయన అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు నాడి చూసుకుంటున్నాడు. సున్నితమైన మనసు.


కొల్లాపూర్,
9 జనవరి 2021.

చెల్లె నాగరాణికి,

అజ్మత్ బీ సలాం. పాప కూర్చుంటోంది. నా మనసే కూర్చోబెట్టినా కూర్చోవడం లేదు.

ముందుగా మీ పువ్వు సంగతి. నీలిపువ్వు గులాబిరంగుకు తిరిగింది, మావాటికంటే పెద్దగా ఉంది. అది మీ నల్గొండ నీళ్ల మహిమ అని మా ఇంట్లో తీర్మానించాం. దాన్ని అద్దం ఫ్రేములో కట్టించి గోడకు తగిలించాను. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను.

ఇక అసలు సంగతి. పోయిన నెల మా గల్లీలో కాల్వ తవ్వడానికి జేసీబీ వచ్చింది. నేను దుకాణానికి పోయి వచ్చేసరికి మా తీగ వేరుతో సహా లేచిపోయింది. మట్టి, రాళ్లు, తీగ కలిపి ట్రాక్టరులో ఎత్తి ఎక్కడో పారబోశారు. మా అత్త పోయినప్పుడు కూడా అంత ఏడ్వలేదు, ఎందుకంటే ఆమె పోయినా తీగ ఉందనుకున్నాను. ఇప్పుడు పొద్దున్నే తలుపు తీయబుద్ధి కావడం లేదు.

నా దగ్గర ఒక్క గింజ లేదు. ఆ తీగ ఇప్పుడు ఈ లోకంలో మీ పందిరి మీదే ఉంది. ఐదు గింజలు తిరిగివ్వండి చెల్లె. కాయ గోధుమరంగుకు తిరిగి, ఊపితే గలగలమన్నప్పుడు, పగలకముందే తెంపండి. నీడలో ఆరబెట్టి, బూడిదలో కలిపి సీసాలో పోయండి. మీకు శ్రమ వద్దు. బడులు తెరుస్తారట, బుష్రా ఫిబ్రవరి మొదట్లో మీ దగ్గరికి వస్తోంది. అదే తన చేత్తో కాయలు తెంపుకుంటుంది.

మీ అక్క,
అజ్మత్ బీ

ఆఖరి మాట: ఇచ్చినదాన్ని తిరిగి అడుగుతున్నానని తప్పుగా అనుకోకండి. అంత మంచి తీగకు ఐదు గింజలు లెక్కలోకి రావు.


పానగల్,
16 జనవరి 2021.

అక్కకు,

ఏమని దండం పెట్టాలో తెలియక ఊరికే రాస్తున్నాను.

మా ఇంట్లో తీగ లేదు. ఎన్నడూ లేదు.

జూన్‌లో మీ గింజలు రాకి, స్టీలు గ్లాసులో నానబోసి వంటింటి కిటికీలో పెట్టాను. అది మా ఇంటాయన మెంతుల గ్లాసు పెట్టే జాగా. ఆయనకు షుగర్. రోజూ తెల్లారి లేచి, కళ్లద్దాలు పెట్టుకోకుండానే ఆ గ్లాసెత్తి నీళ్లు తాగి గింజలు నమిలేస్తాడు. ఆ రోజు కూడా నమిలాడు. నమిలి, "ఇయ్యాల మెంతులు జర గట్టిగున్నయే" అన్నాడు.

తర్వాత మధ్యాహ్నం దాకా ఆయన ఇంట్లోకి రాలేదు. వచ్చినా ఎంతోసేపు నిలవలేదు. నాలుగు రోజులుగా కడుపు బిగిసి బాధపడుతున్న మనిషి ఆ ఒక్కరోజులో మొత్తం తేలికైపోయాడు. దవాఖానలో ఓఆర్ఎస్ పొట్లాలిచ్చి పంపారు. మంచంలో పడుకునే నన్ను పిలిచి, "గీ మెంతులు ఏ దుకాన్ల తెచ్చినవ్? మళ్ల గవే తే" అన్నాడు. అప్పుడే నేను గ్లాసు చూశాను.

మీరు గుండెలో పెట్టుకుని పంపిన కానుకను మా ఆయన మింగేశాడని ఎట్లా రాయాలి? మొలిచాయని రాశాను. మొలిచిందానికి పందిరి కావాలన్నారు, ఆయన సిగ్గుపడి నిజంగానే పందిరి వేశాడు. దాని మీద ఇప్పుడు బీరతీగ ఉంది. మీరు పువ్వు అడిగారు. నేను చెరువు ఒడ్డుకు పోయి లొట్టపీసు పువ్వు తెంపి ఒత్తాను. అవును అక్కా, మేకలు కూడా మూతి పెట్టని ఆ లొట్టపీసే. మీరు దాన్ని ఫ్రేము కట్టించారని చదివి నాకు రెండు పూటలు అన్నం సయించలేదు.

మీ తీగ పోయిందని తెలిసినప్పటి నుంచి మా ఇంటాయన స్కూటరు మీద నల్గొండ నర్సరీలన్నీ, రామన్నపేట దాకా, తిరిగాడు. ఎక్కడా లేదు. మీ ఇంట్లో ఇరవై రెండేళ్లు బతికింది మా కిటికీలో ఒక్క పూట బతకలేదు. బుష్రాను మాత్రం పంపండి. గది ఊడ్చి పెట్టాను. నా మీద కోపం పిల్ల మీద చూపకండి.

నాగరాణి

ఇది ఆయన రాయమంటున్నాడు: "నేను కావాలని తాగలే వదినా. పందిరి మాత్రం గట్టిది. ఏం పాకిచ్చినా ఆగుతది."


కొల్లాపూర్,
27 జనవరి 2021.

నా చెల్లె నాగరాణికి,

ఏడు నెలలుగా మీ అబద్ధాల మీద బతికిన అజ్మత్ బీ, మనసారా సలాం చెప్పి రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. మెంతుల దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. ఎందుకంటే నా దగ్గర కూడా ఒక సంగతి ఉంది.

ఆ గింజలు మా తీగవి కావు. ఇరవై రెండేళ్లలో మా తీగ ఒక్క కాయ కాయలేదు. పూలు మాత్రమే పూసేది. మీరు ముచ్చటపడ్డారని బుష్రా చెప్పగానే నా మనసు ఆగలేదు. నా బిడ్డను కాపాడిన మనిషికి వట్టి కాగితం ఎట్లా పంపాలి? మా ఇద్రీస్ యునానీ మందుల దుకాణంలో నీలిపూల గింజలుంటాయని ఎవరో అంటే పోయి పదకొండు ఏరుకున్నాను. రెండూ ఒకటే తీగ అనుకున్నాను. మా తీగ పోయినాక దుకాణం గింజల కంటే మీ చేతిలో మొలిచి పూసినవే నయమనిపించి మిమ్మల్ని అడిగాను. రాకడం, నానబెట్టడం అతను చెప్పిందే. కాయ తెంపి బూడిదలో దాచమని నేను రాసింది మాత్రం బీరగింజల పద్ధతి. మీ పందిరికి సరిగ్గా పనికొస్తుంది.

మీ ఉత్తరం అందిన రోజే ఇంకో ఐదు గింజలకు అతని దగ్గరికి పోయాను. జరిగింది విని ఇద్రీస్ నెత్తి పట్టుకున్నాడు. "నీలిపూలే పూస్తయి ఖాలా, నేను అబద్ధం చెప్పలే. గాని గది ఏడాది తీగ, చలికాలంల చస్తది. జనం పూలకు కొనరు, కడుపు సాఫ్ కానీకి కొంటరు" అన్నాడు. అంటే మరిది తాగింది మందే. తోట పెంచబోయి వైద్యం చేశాను.

తిరిగి వస్తూ కాల్వ మట్టి పోసిన దిబ్బ దారిన వచ్చాను. చూసి అక్కడే కూర్చున్నాను చెల్లె. జేసీబీ ముక్కలు ముక్కలు చేసిన మా తీగ, కాల్వ నీళ్లు తగిలి ప్రతి ముక్కా లేచింది. కణుపు కణుపుకూ వేరు దిగింది. దిబ్బ మీద ఒకచోట నాలుగు నీలిపూలు కూడా ఉన్నాయి. మా అత్త ఎన్నడూ గింజ దాచకపోవడానికి కారణం ఇప్పటికి తెలిసింది. దాన్ని నరికితే చాలు, పెరుగుతుంది.

అందుకని బుష్రాతో పాటు నేనూ, పాపా వస్తున్నాం. తడిగుడ్డలో ముప్పై ముక్కలు చుట్టి పెట్టాను. మీ బీరతీగను పీకకండి, పక్కనే నా చేత్తో నాటుతాను. లొట్టపీసు ఫ్రేము గోడ మీదే ఉంది, తీయను. మీరు నా కోసం చెరువు ఒడ్డుకు పోయి తెంపిన పువ్వు కదా.

ఒక్కటి చెప్పాలి. ఆ గింజలు మంచిగా మొలిచి ఉంటే మీరొక ఉత్తరం రాసేవారు, నేనొకటి రాసేదాన్ని, అంతటితో అయిపోయేది. మొలవనందుకే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి, ఇప్పుడు నేనే వస్తున్నాను. మరిది చేసిన మేలు నేను మరిచిపోను.

సోమవారం పొద్దుటి బస్సుకు బయలుదేరే
మీ అక్క,
అజ్మత్ బీ

ఇద్రీస్ చెప్పమన్నాడు: అతను పెద్దవాళ్లకు కూడా రెండు గింజలకంటే ఎక్కువ ఇవ్వడట. పదకొండు నమిలి, పైగా దండాలు రాసి పంపిన మనిషిని కళ్లారా చూడాలని ఉందట. అతన్ని కూడా వెంట తెస్తున్నాను, కూరకు నాలుగు బీరకాయలు ఎక్కువ తెంపండి.