ఊట చేప "లేదు" అన్న మాట గురించి

నీటి సరఫరా శాఖ ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత ఊట మడుగును కాంక్రీటుతో మూసివేయుట – నా అర్జీకి తమ కార్యాలయం ఇచ్చిన జవాబులో "అట్టి చేప ఏదియూ లేదు" అని వ్రాసినది సవరించుట గురించి.

1. నేను రిటైరైన బస్సు డ్రైవరును. చేపల గురించి నాకు తెలిసినదంతా మా అమ్మాయి చెప్పినదే. ఆమె సదరు మడుగులోని చేపలపై పరిశోధన చేయుచు, నిరుడు జ్వరంతో కాలం చేసినది.

2. సదరు చేప చిటికెన వేలంత ఉంటుంది. మరెక్కడా కనబడలేదని అమ్మాయి అనేది. ఆడది గుడ్లు పెట్టగానే మగది వాటిని నోట్లోకి తీసుకుంటుంది. పిల్లలు ఈదుకుంటూ బయటికి వచ్చేదాకా తిండి ముట్టదు. "చూడు నాన్నా, నువ్వయితే నా టిఫిను కూడా లాగించేసేవాడివి" అని నన్ను ఆటపట్టించేది.

3. మడుగు మూస్తున్నారని తెలిసి తమ కార్యాలయానికి వచ్చాను. గుడ్లు పొదిగే కాలం, కాస్త ఆగమని బతిమాలాను. "ఇంతోటి చేపకి ఇంత గొడవేంటండీ! మార్కెట్లో బోలెడు దొరుకుతాయిగా" అన్నారు గుమాస్తా గారు. మర్నాడే సిమెంటు లారీ వచ్చింది. మేస్త్రీ మాత్రం, "ఆర్డరు నా చేతిలో లేదు బాబాయ్. నీళ్ళు తోడేలోపు దొరికినవి పట్టుకో" అని తన బకెట్టే ఇచ్చాడు. నేను, మా ఆవిడ దిగాము. ఒక్కటే చిక్కింది, మగది. బెదిరిపోయి నోట్లోని గుడ్లన్నీ బురదలోకి ఊసేసింది. మా ఆవిడ ఆ బురదంతా చేతులతో దేవుతూనే ఉంది. పంపు ఆగలేదు.

4. అది ప్రస్తుతం మా ముందుగదిలో గాజుతొట్టెలో ఉన్నది. జత లేదు గనుక సంతతి ఉండదు. ఈ సంగతి నాకు తెలియును. మడుగు మళ్ళీ తవ్వించమని అడుగుట లేదు.

5. కోరేది ఒక్కటే. ఆ జవాబులో "లేదు" అన్న మాట కొట్టివేసి "ఉండేది" అని వ్రాయించవలెను. లేనియెడల మా బిడ్డ అన్నేళ్ళూ లేనిదాని కోసం నీళ్ళలో నిలబడినట్లగును.

కావున ఈ మనవిని తండ్రి మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రిటైర్డు బస్సు డ్రైవరు

తా.క.: సార్, ఇది మా ఆవిడ రాయమంటోంది. "కాగితాల సంగతి తర్వాత. ముందు ఆయన్ని ఒకసారి ఇంటికొచ్చి చూడమనండి" అంటోంది. పొద్దుటినుంచి అది తొట్టె అడుగునే ఉంటోంది. ఆఫీసరుగా రానక్కర్లేదు, ఊరికే రండి. మా తర్వాత "నేను చూశాను" అనడానికి ఒక మనిషి కావాలి.