బొమ్మ నోట నా ప్రార్థన

చూలై, చెన్నై
మే 14, గురువారం

ప్రియమైన తమ్ముడు ప్రేమ్‌నాథ్‌కు,

ప్రభువు పేరట పెద్దక్క దీవెనలు. నీ ఉత్తరం పోయిన శుక్రవారం చేరింది. ఇక్కడ నేను, ఎన్నూరులో చిన్నక్క, ఆమె ఇంటివాళ్ళు, దేవుని దయ వల్ల ఒంటికి బాగున్నాం. మనసు సంగతి వేరే. అదీ రాస్తాను. ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. ఫ్యాను బాగు చేయించాను. చిన్నక్క దగ్గు తగ్గలేదు. ఆ బొగ్గు దుమ్ములో, ఆ లారీల మధ్య ఎలా తగ్గుతుంది. కొడైకెనాల్ చలికి గొంతు పట్టేస్తోందన్నావు. మిరియాల కషాయం కాచి ఇమ్మని హోటల్ వంటవాళ్ళను అడుగు. నీకు గొంతే కదా పనిముట్టు.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తితే నువ్వు "అక్కా" అంటావు. ఆ ఒక్క మాటకు నా కోపం సగమైపోతుంది. సగం కావడం నాకు ఇష్టం లేదు. అందుకే కాగితం.

నువ్వు మాట్లాడించే బొమ్మ జాకెట్ కుడిచెయ్యి చిరిగిందని, పాత కొలతకే కొత్తది కుట్టి పంపమని రాశావు. కుట్టలేదు.

షోళింగనల్లూరు మేడమ్ ఫోన్ చేశారా అని రెండుసార్లు అడిగావు. అది కుదిరితే ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం సాయంత్రం ఆ అపార్టుమెంట్ల క్లబ్ హౌస్‌లో పిల్లల గంట, ఆ గంటసేపు ఆట, నీదేనని, ఇక ఎండాకాలం వస్తే కొండలెక్కి హోటళ్ళ వాళ్ళ దయ మీద బతకక్కర్లేదని రాశావు. పదకొండేళ్ళుగా నువ్వు కోరుకుంటున్నది అదేనని నాకు తెలుసు. దానికి జవాబు చివర్లో రాస్తాను. దానికి ముందు రాయాల్సింది ఒకటుంది.

నువ్వు వెళ్ళిన రెండో వారం కింది ఇంటి లూర్దుమేరి మెట్ల మీద నన్ను ఆపింది. చేతిలో ఫోను.

"అక్కా, ఇంగ, ఈడ చూడు! ఇది నువ్వే కదా? అదే కొంగు, అదే కళ్ళద్దాలు. అయ్యో, తల ఊపేది కూడా నువ్వే!"

ఏదో పుట్టినరోజులో ఎవరో తీసిన వీడియో. నీ మోకాలి మీద ముసలమ్మ బొమ్మ. తెల్ల చీర, నీలం అంచు. గుడికి కట్టుకునే నా చీర అది. చిరిగిపోయింది కదా, బొమ్మకు ఒక ముక్క ఇవ్వక్కా అని నువ్వు అడిగితే కత్తిరించి ఇచ్చాను. కొసలు కూడా నేనే మడిచి కుట్టాను. ఏ బొమ్మకని అడగలేదు. నీ ఆట నేను ఎప్పుడూ చూడలేదు కదా. ఆదివారం గుడి, మిగిలిన రోజులు మిషను. నీ మీద నమ్మకం.

బొమ్మ పేరు థాంక్యూ పాటీ. అంటే థాంక్యూ అవ్వ. యాభై ఆరేళ్ళకే అవ్వనయ్యాను. అదీ పోనీ.

"పాటీ, కేకు కోద్దామా?" అంటావు నువ్వు.

"ఉండరా, ఏమి అంత తొందర? ముందు థాంక్యూ చెప్పాల. సామీ, ఈ కేకుకు థాంక్యూ. కేకులో వేసిన గుడ్డుకు థాంక్యూ. ఆ గుడ్డు పెట్టిన కోడికి థాంక్యూ. ఆ కోడి మధ్యాన్నం మా బిరియానీలోకి వొచ్చేసింది, దానికి డబుల్ థాంక్యూ!"

పిల్లలు పడిపడి నవ్వారు. అబద్ధమెందుకు, కోడి దగ్గర నాకూ నవ్వు వచ్చింది. నేను అలాగే ప్రార్థన చేస్తాను. బస్సుకు, గ్యాసు బండకు, అన్నింటికీ. అన్నం చల్లారిపోతోందని నువ్వు చిన్నప్పటి నుంచీ గొణుగుతూనే ఉన్నావు. అంతవరకే అయితే నిన్ను పిలిచి రెండు తిట్టి, జాకెట్ కుట్టి పంపేదాన్ని.

తరవాత ఆ బొమ్మ చెయ్యి నీ తల మీద పెట్టింది.

"సామీ, ఈ తల్లి లేని పిల్లోడు నవ్వించేవాడైనా సరే, ఎవురినీ ఏడిపించేవాడు కాకుండా చూడు."

చెప్పి ముక్కు చీదింది. ఆ చీదిన చప్పుడుకు పెద్దవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

ప్రేమ్, అది నా ప్రార్థన. నువ్వు లేత్ వర్క్‌షాపులో పని వదిలేసి వచ్చిన మర్నాడు పొద్దున, పొయ్యి పక్కన మోకాళ్ళూని చేశాను. నీకు పంతొమ్మిదేళ్ళు. అమ్మ పోయి ఏడాది కాలేదు. గుడిలో క్రిస్మస్‌కు మేజోడుతో బొమ్మ చేసి మాట్లాడించావు, ఇక అదే నా పని అన్నావు. వీధిలో అందరూ జోకరు అన్నారు. నాకు దేవుణ్ణి ఏమి అడగాలో కూడా తెలియలేదు. ఆ ఒక్క మాటే వచ్చింది. నువ్వు దుప్పటి ముసుగు పెట్టుకుని నిద్రపోతున్నావనుకున్నాను. మెలకువగానే ఉన్నావన్నమాట. విన్నావు. విని దాచుకున్నావు. దాచుకుని, కేకు ముందు తీశావు.

నాకు కోపం వచ్చింది. వచ్చింది అని రాస్తే పోయిందనుకుంటావు. పోలేదు. మిషను తొక్కుతుంటే ఉంది, కూరగాయలు తరుగుతుంటే ఉంది.

నా చీర తీసుకో, నా నడక తీసుకో, నా చాదస్తం తీసుకో. అవి నువ్వు కళ్ళతో చూసినవి. అది మాత్రం నువ్వు దొంగచాటుగా విన్నది. అది నీ కోసమే చేశాను గానీ, నీతో చెప్పలేదు.

ఆ ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు ఎప్పటిలాగే "కృపమ్మగారు ప్రార్థన చేస్తారు" అన్నారు. లేచి నిలబడ్డాను. కళ్ళు మూసుకుని "ప్రభువా, నీకు వందనాలు" అన్నాను. వెనక బెంచీ నుంచి ఎవరో ఆడపిల్ల మెల్లిగా "థాంక్యూ" అంది. కిసుక్కుమన్న నవ్వు. ఆ పిల్ల చెడ్డది కాదు, వీడియో చూసి ఉంటుంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, మాట రాక కూర్చున్నాను. అయ్యగారే ముగించారు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు నేను నోరు తెరిచి ప్రార్థన చేయలేదు. తెరవబోతే ఆ బొమ్మ గొంతు వినిపిస్తోంది. నువ్వు నా గొంతును అంత బాగా పట్టావు. నా పనిముట్టు అదొక్కటే ప్రేమ్.

ఇక నువ్వు రెండుసార్లు అడిగిన దానికి జవాబు.

షోళింగనల్లూరు మేడమ్ ఫోన్ చేసింది. ఆ ఆదివారమే, గుడి నుంచి వచ్చి చెప్పులైనా విప్పకముందే. కార్డు మీద నా నెంబరే కదా ఉన్నది. అక్క గొంతు వింటే జనం నమ్ముతారని నువ్వే వేయించావు. పదకొండేళ్ళుగా ఆ ఫోన్ ఎత్తి, ఎంతమంది పిల్లలు, ఏ వయసు, బొమ్మంటే భయపడే పిల్లలు ఉన్నారా అని అడిగి, గుడి క్యాలెండరు మీద రాసేది నేనే.

"నమస్తే అండీ, నేను ఊహని. ప్రేమ్‌నాథ్ గారి అక్కగారేనా? మా కమిటీ ఒప్పేసుకుందండీ! జూన్ నుంచి అనుకున్నాం గానీ, వచ్చే ఆదివారం నుంచే ఎవర్నైనా పెట్టమంటున్నారు. ఆయన కొండ దిగి వచ్చేదాకా నేను ఎలాగో సర్దుతాను. ఖాయం చేసేయమంటారా?"

నేను అన్నాను, "లేదమ్మా. వాడు ఈ పని మానేశాడు."

"అయ్యో, అదేంటండీ? మా పిల్లలు ఆయన కావాలనే గొడవ చేస్తుంటే!"

"మానేశాడమ్మా" అని పెట్టేశాను.

అది నేను చేసిన పని. ఎవరూ నా చేత చేయించలేదు. గుడి చీర ఇంకా ఒంటి మీదే ఉంది, అబద్ధం చెప్పాను. చెప్పాక కాసేపు హాయిగా కూడా ఉంది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. మొన్న శనివారం చిన్నక్క వచ్చి నీ ఉత్తరం పైకి చదివింది. షోళింగనల్లూరు దగ్గరికి రాగానే నా మొహం చూసింది. చెప్పేశాను. చిన్నక్క సంగతి నీకు తెలుసు, ఊరుకునే మనిషి కాదు.

"వాడు నిన్ను బొమ్మ జేసినాడు, సరే. తప్పే. దానికని వాడి కూడు తీసేస్తావా నువ్వు? పదకొండేండ్లు ఆ ఫోన్ పట్టుకోని వాణ్ణి నిలబెట్టింది నువ్వే, పడగొట్టింది నువ్వే. ఈడ కూచోని ఏడిస్తే ఏమొస్తాది? ఆడికి పోయి చెప్పు పో!"

మర్నాడు గుడి అయ్యాక బస్సెక్కి పోయాను. రెండు బస్సులు మారాను. గేటు దగ్గర వాచ్‌మన్ పేరు రాయించుకుని లోపలికి పంపాడు. క్లబ్ హౌస్‌లో పిల్లల గంట అప్పటికే మొదలైంది. ఆడిస్తున్నది ఎవరనుకున్నావు, ఆంటో. నీకు బెలూన్లతో కుక్కపిల్లను చెయ్యడం నేర్పిన ఆంటోనే. పొడుగు టోపీ పెట్టుకుని, ఒక పాప చెవిలోంచి నిమ్మకాయ తీస్తున్నాడు. పిల్లలు బాగా నవ్వుతున్నారు. నేను గోడ పక్కన నిలబడి చూశాను. నీ చోటు అది. ఆ నవ్వులు నీవి. నేను తీసి ఆంటోకు ఇచ్చాను. ఆంటో మీద కోపం పెట్టుకోవద్దు, అతనికి ఏమీ తెలియదు.

ఊహ ముప్పై ఏళ్ళ పిల్ల. గుంటూరు వైపు మనిషి. నా నోట మాట వినగానే అది థాంక్యూ పాటీ గొంతని గుర్తుపట్టింది. నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్పుడు ఆమె మొహం మారింది.

"ఇప్పుడు చెప్తే ఏం లాభం ఆంటీ? కమిటీతో పోట్లాడి ఆయన పేరు ఒప్పించింది నేను. మానేశాడట అని చెప్పేసరికి, ఇలాంటోళ్ళను నమ్మితే ఇంతేనమ్మా అన్నారు నన్ను. ఇప్పుడు వెళ్ళి, కాదండీ, వాళ్ళ అక్కకు కోపమొచ్చి అలా చెప్పిందంట అనమంటారా?"

"అనమ్మా. నేను రాసిస్తాను."

కాగితం అడిగి తీసుకున్నాను. మా తమ్ముడు పని మానలేదు, అతను ఒక్క ఆదివారం కూడా ఎవరికీ మాట తప్పలేదు, అబద్ధం నాది అని రాసి సంతకం పెట్టాను. ఊహ చదివింది. కాగితం మడిచి చేతిలో ఉంచుకుంది. తరవాత అంది, "మార్చి దాకా ఆంటో గారికే మాటిచ్చాం ఆంటీ, మార్చలేం. ఆ తర్వాత చూద్దాం. ఆయన్నే ఫోన్ చెయ్యమనండి. మీరు మాత్రం చెయ్యకండి."

న్యాయమే. ఆమె నెంబరు ఈ ఉత్తరం వెనక రాశాను. నువ్వే మాట్లాడు. కార్డులు కూడా కొత్తవి వేయించుకో, నీ నెంబరుతో. ఆ ఫోన్ ఎత్తే అర్హత నాకు లేదు.

ఒక ఏడాది ఆదివారాలు నీకు లేకుండా చేశాను. అవి తిరిగి ఇవ్వలేను. క్షమించు అని రాస్తున్నాను. వెంటనే క్షమించనక్కర్లేదు. నాకు తొందర లేదు.

నా తప్పు పెద్దదని నీ తప్పు చిన్నదైపోదు. కోడిని ఉంచుకో, కేకును ఉంచుకో, చీర ఉంచుకో. ఆ ప్రార్థన తీసెయ్. అడగడం లేదు, చెప్తున్నాను. నీ ఆటలో ఆ చోట వేరే నవ్వు పెట్టుకోవడం నీకు చేతనవుతుంది. నువ్వు పనివాడివి. తీసేశానని నువ్వు వచ్చి చెప్తే జాకెట్ కుడతాను.

ఇది చదివాక నీకూ కోపం వస్తుంది. రావాలి. నాకు ఫోన్ చెయ్యవద్దు, ఉత్తరం రాయవద్దు. నెలాఖరుకు నేరుగా ఇంటికి రా. వచ్చి నన్ను తిట్టు. కూర్చుని వింటాను, మధ్యలో ఒక్క మాట మాట్లాడను. కానీ బొమ్మను పెట్టెలో పెట్టి మూత వేసి రా. అనాల్సినదంతా నీ సొంత నోటితో అను.

ఇట్లు,
తప్పు చేసి కూడా కోపం తగ్గని
నీ పెద్దక్క
కృపమ్మ