మర్చిపోయిన రెండు బిళ్ళలు

ఓడ మీద ఉన్న మావారికి, నేల మీద ఉన్న మీ ఇంటావిడ నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య, పెద్దది, కవలలు అందరం కులాసా. ఇంజను గది వేడికి ఒళ్ళంతా పేలిందని రాశారు. ఈపాటికి తగ్గి ఉంటుందని తలుస్తాను.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలు నయం. వంటింటి కుళాయి మీరు బిగించి వెళ్ళిన మర్నాడే మళ్ళీ కారింది. ప్లంబరు వచ్చి, "ఇదెవరు బిగించారమ్మా?" అని నవ్వాడు. ఎవరో తెలియదన్నాను, మీ పరువు దక్కింది. కవలల్లో చిన్నాడికి అక్షరాలు వచ్చాయి, పలక మీద కాదు, గోడ మీద. మా కుట్టు కార్ఖానాలో నన్ను కత్తిరింపు విభాగానికి పెద్దని చేశారు. మీరు సెలవుకొచ్చినప్పుడు బడి యూనిఫారాల పని వచ్చి పడింది చూడండి, నాలుగు వందల నిక్కర్లు, అది గడువులోగా ముగించినందుకు.

"ఉత్తరాలు ఎందుకింత పొట్టిగా రాస్తున్నావు, కోపమా?" అని అడిగారు. కోపం కాదు, భయం. అది తీరాక చెబుదామని మూడు వారాలు నోరు కట్టేసుకున్నాను. ఇప్పుడు చెబుతాను, పక్కన ఎవరైనా ఉంటే కాస్త అవతలికి పంపి చదవండి.

ఆ నిక్కర్ల హడావుడిలో, మీరు వెళ్ళే ముందు శని, ఆదివారాలు రెండు రాత్రులూ నేను గర్భం రాకుండా వేసుకునే బిళ్ళ మర్చిపోయాను. సోమవారం పొద్దున మిమ్మల్ని సాగనంపి వచ్చి పెట్టె తీస్తే రెండు బిళ్ళలూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. కవలల కాన్పులో రక్తం ఎక్కించి నన్ను బతికించిన డాక్టరమ్మ, "ఇంకో కాన్పు మాట తలపెట్టొద్దు" అన్నది మీకూ గుర్తే.

అత్తయ్యకు మోకాలి మందులు తేవాలన్న వంకతో, ఆమెను వెంటబెట్టుకునే ఆసుపత్రికి పరిగెత్తాను. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, నర్సు దగ్గరికి వెళ్ళి గుసగుసగా, "మా స్నేహితురాలు ఒకావిడ రెండు బిళ్ళలు మర్చిపోయిందండీ" అన్నాను.

నర్సు నా ముఖం చూసి, "మీ స్నేహితురాలు ఆఖరి బిళ్ళ ఎప్పుడు వేసుకుంది?" అంది.

"శుక్రవారం రాత్రి. ఈ పెట్టెలో పదోది."

"అంతకుముందు ఒక్కటీ తప్పలేదుగా? అయితే కంగారు పడొద్దనండి. నిన్నటి బిళ్ళ ఇప్పుడే వేసుకోవాలి, మొన్నటిది వదిలెయ్యాలి. ఇవాళ్టిది రాత్రి మామూలు వేళకే. ఒక్కటే మర్చిపోయి ఉంటే, గుర్తురాగానే వేసుకుంటే సరిపోయేది. రెండు పోయాయి కాబట్టి వారం రోజులు కండోమ్ వాడాలి. అదే పెట్టె మొదలుపెట్టిన మొదటి వారంలో అయ్యుంటే, ఇవాళే వేరే అత్యవసర మాత్ర గురించి చూడాల్సొచ్చేది. మూడు వారాలకు పరీక్ష చేయించుకుంటే అనుమానం తీరుతుంది."

"వారం రోజులా? ఆవిడ భర్త పొద్దునే ఓడెక్కాడండీ."

"అంతకంటే పెద్ద జాగ్రత్త మా దగ్గర లేదమ్మా!"

అప్పుడు వెనకనుంచి అత్తయ్య గొంతు. వీధి చివరికి వినిపించేలా టీవీ పెట్టుకునే మనిషికి నా గుసగుస ఎలా వినపడిందో ఆ దేవుడికే ఎరుక. "ఆ స్నేహితురాలి మొగుడు మా అబ్బాయేనమ్మా!" అంది. వరసలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. నేను నేలలోకి దిగిపోదామనుకున్నాను, నేల ఒప్పుకోలేదు.

తిడుతుందనుకున్నాను. దారిలో నా చెయ్యి పట్టుకుని, "నాకు ఐదు కాన్పులయ్యాయి. ఇలా అడగొచ్చని నాకెవరూ చెప్పలేదు. అడిగావు, మంచి పని చేశావు" అంది. నడిరోడ్డు మీద నాకు ఏడుపొచ్చింది. ఆ రోజునుంచి రాత్రి ఎనిమిదింటికి నీళ్ళ గ్లాసు పట్టుకుని నా ముందు నిలబడుతోంది, బిళ్ళ మింగాక నోరు తెరిచి చూపించమంటోంది.

నిన్న అత్తయ్యతో వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదు. నిక్షేపంగా ఉన్నాను.

అయితే అత్తయ్య అక్కడితో ఆగలేదు. "ఎప్పుడూ ఆడదే గుర్తుపెట్టుకోవాలా? మగాళ్ళకేం లేదా?" అని నర్సును నిలదీసింది. ఉందట. అరగంటలో అయ్యే చిన్న ఆపరేషన్, అదే రోజు ఇంటికి వచ్చెయ్యొచ్చట. కాకపోతే మూడు నెలల తర్వాత పరీక్ష చేసి సరేననేదాకా జాగ్రత్తగా ఉండాలట. నేను వారించేలోగానే మీ అమ్మ మీ పేరు రాయించేసింది. మీరు వచ్చిన మూడో రోజు, ఉదయం తొమ్మిదింటికి.

నా బలవంతమేమీ లేదు. మీ ఒళ్ళు, మీ ఇష్టం. వద్దంటే వద్దు. కాకపోతే ఆ ముక్క మీ అమ్మకు మీరే చెప్పుకోండి.

ఇట్లు,
మీ పిల్లల తల్లి, మీ అమ్మగారి కోడలు