కోడ్ వేయని బొంత

మంగళవారం, మాచర్ల

షాపులో ఉన్న బొంతలన్నిటికీ ఇవాళ కోడ్‌లు వేశాం. కుట్టే మస్తాన్‌బీ అక్క సైజూ రంగూ చెబుతుంటే నేను చీటీల మీద రాసి పిన్నుతో గుచ్చాను. చివరికి సత్తెనపల్లి అమ్మాయి కుట్టించిన బొంత మిగిలింది. చనిపోయిన వాళ్ళమ్మ చీరలు తెచ్చిచ్చి, మళ్ళీ రానేలేదు. ఫోన్ చేస్తే, "నేను కప్పుకోలేనక్కా, ఎవరికైనా అమ్మేయండి," అంది. ఏం కూతురో అని కోపమొచ్చింది.

"ఇంకా ఆలోచనేంది? కోడ్ ఎయ్యి," అంది మస్తాన్‌బీ అక్క. పెద్ద సైజు, ఆకుపచ్చ, వరస నంబరు రాశాను. అంతలో తనే బొంతను ముక్కు దగ్గర పెట్టుకుని, "ఉతికి కుట్టినా పసుపు వాసన పోలా చెల్లీ," అంది.

చీటీ చింపేసి, బొంతను ఇంటికి తెచ్చుకున్నాను. చలిగానే ఉంది. కప్పుకోవడానికి నాకూ చేతులు రావడం లేదు.