ఆయన ఫోన్ నుంచి వచ్చిన ఫొటోలు

అన్నా,

మీ బావను చాగలమర్రి కాడ లారీ గుద్ది ఆయన చనిపోయినప్పుడు ఫోన్ దొరకలేదు కదా. "యాడ ఎతికినా లేదు వదినా" అని ఆయన పార్టనర్ ఓబులేసే చెప్పినాడు.

నిన్న ఫొటోలకు జాగా లేదని నా ఫోన్‌లో చూపిస్తే, మా పాప మానస పాత వీడియోలు తీసేసింది. ఆయనకూ నాకూ ఒకటే అకౌంట్ కాబట్టి, జాగా అయిన వెంటనే ఆయన ఫోన్ నుంచి కొత్త ఫొటోలు వచ్చినాయి. అన్నీ ఓబులేసు ఇంట్లోవే. వాళ్ళ చిన్నపాప ఆడుకుంటా తీసినట్టుండాది.

పొద్దున్నే ఓబులేసు వచ్చి, "నీకేమన్నా ఫొటోలు వచ్చినాయా వదినా?" అనడిగినాడు. రాలేదని చెప్పినా. అయినా పోకుండా బయట అరుగుమీదే కూచోనుండాడు. ఫోన్‌లో మాట్లాడితే ఇనపడతాదని ఈ ఉత్తరం రాసి, కాలేజీకి పోతాండానని చెప్పించి మానసను నంద్యాలకు నీ కాడికి పంపిస్తాండా.

పాపను ఆడే పెట్టుకో. నువ్వు తొందరగా రా, ఒంటిగా మాత్రం రావొద్దు.

నీ చెల్లెలు