మూసలో లేని మండవల్లి

మండవల్లి,
జూన్ 9

సాజిద్ గారికి, ప్రభువు నామంలో వందనాలు.

నా పేరు సలోమి. మండవల్లి చేపల రైతుల సంఘం కార్యదర్శిని. మిషన్ స్కూల్లో టీచరుగా రిటైరయ్యాక, చేతిరాత బాగుంటుందని నన్నీ కుర్చీలో కూర్చోబెట్టారు. మన సమాఖ్య ఏలూరు ఆఫీసులో అడిగితే, కంప్యూటర్ల గది తాడేపల్లిగూడెంలో ఉందనీ, చూసే ఇంజనీరు మీరేననీ, ఫిర్యాదు కాగితం మీద రాసి సంతకం పెడితేనే ఫైలు కదులుతుందనీ చెప్పారు. అందుకని చేపల లోడుతో గూడెం మార్కెట్టుకి వచ్చే మా తోమా వ్యాన్‌లో ఈ ఉత్తరం పంపుతున్నాను.

సంఘాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా కొత్త నెట్‌వర్క్ పెడుతున్నామని పోయిన వారం మీవాళ్ళు వచ్చి ఒక కంప్యూటరు, ఒక ఫోను బిగించి వెళ్ళారు. సంతోషం. కానీ పొద్దున్నే తెరిస్తే కంప్యూటరు "శుభోదయం బుచ్చిబాబు గారూ" అంటోంది. బుచ్చిబాబు గారు పెదపాడు సంఘం కార్యదర్శి. నేను కాను. మొదటిరోజు పోనీలే, ఏ పేరుతో పిలిస్తేనేం, పలకరించింది చాలు అనుకున్నాను. నిన్న మాత్రం పెదపాడులో చేపల పట్టుబడికి వెళ్ళాల్సిన ఐసు లారీ వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. "తెర మీద ఇదే అడ్రసండీ" అని డ్రైవరు ఐసంతా అరుగు మీద దింపేసి పోయాడు. మా దగ్గర ఒక్క చేప కూడా పట్టలేదు.

కాస్త చూడండి.

ఇట్లు,
సలోమి

తా.క. ఐసు కరిగి వీధిలోకి పారుతుంటే ఎదురింటి అచ్చాయమ్మ గారు "మీ సంఘం ఏడుస్తోందేంటండీ?" అని అడిగారు. ఈ నెలలో నన్ను పలకరించిన మనిషి ఆవిడొక్కరే.

తాడేపల్లిగూడెం,
జూన్ 12

గౌరవనీయులైన బుచ్చిబాబు గారికి, నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ప్లాట్‌ఫారంలో, అంటే సంఘాల పేర్లన్నీ ఉండే మా కంప్యూటర్ వ్యవస్థలో, వెతికాను. ఆ కంప్యూటరు నుంచి లోపలికి వస్తున్నది పెదపాడు బుచ్చిబాబు గారే. మండవల్లి అనే సంఘం ప్లాట్‌ఫారంలో లేదు. మీరు సలోమి అని పేరు మార్చుకున్నట్లయితే గెజిట్ ప్రకటన జతచేయగలరు.

మీ అవగాహన కోసం కొంచెం వివరిస్తాను. మన సమాఖ్య వేరేవాళ్ళ దగ్గర అద్దెకు తీసుకోకుండా సొంతంగా ప్రైవేట్ క్లౌడ్ పెట్టుకుంది. అంటే యంత్రాలన్నీ ఈ గదిలోనే ఉంటాయి. సంఘానికో నెట్‌వర్క్ చొప్పున చేత్తో కట్టుకుంటూ పోతే ఏళ్ళు పడుతుంది. అందుకని ఒక టెంప్లేట్ తయారుచేసి, దాంతో అన్ని సంఘాల కంప్యూటర్లలోకీ ఒకేసారి దించాం. టెంప్లేటంటే మూస. ఇడ్లీ పళ్ళెం అనుకోండి. పిండి పోస్తే అన్ని గుంటల్లోనూ ఒకేలాంటి ఇడ్లీ వస్తుంది. కనుక తప్పు జరిగే అవకాశం లేదు.

ఇంకో విషయం. ప్లాట్‌ఫారంలో లేని సంఘాలకు గది దేనికని, అలాంటివాటిని నెలాఖరుకు మూసేసి పక్క సంఘంలో కలిపేస్తున్నారు ఏలూరువాళ్ళు. మండవల్లి గది తాళం ఎవరి దగ్గరుందో మీకు తెలిస్తే చెప్పగలరు.

భవదీయుడు,
సాజిద్

తా.క. ఐసు వాపసు తీసుకోబడదు.

మండవల్లి,
జూన్ 15

సాజిద్ బాబుకి, వందనాలు.

తాళం నా దగ్గరే ఉంది. ఇవ్వను.

బడిలో ఉన్నన్నాళ్ళూ రోజూ హాజరు పిలిచినదాన్ని. పిల్లవాడు ఎదురుగా నిలబడి "ఉన్నానండీ" అంటుంటే, పేరు రాయలేదు కాబట్టి నువ్వు లేవురా అని ఎవర్నీ ఇంటికి పంపలేదు. మండవల్లి ఉంది. రైలు ఆగుతుంది. చెరువులున్నాయి, చేపలున్నాయి. చూడటానికి మనుషులు కూడా ఉన్నారు. కాకపోతే సంఘానికి ఎవరూ రారు. అందరి చేతుల్లో ఫోన్లొచ్చాక బేరాలన్నీ గట్టు మీదే అయిపోతున్నాయి. సంతకం కావాల్సొస్తే వస్తారు. కూర్చోండి అంటే "పనుందండీ" అని లేస్తారు.

మీ ఇడ్లీల మాట బాగానే ఉంది. కానీ మా ఇడ్లీ తన పేరు బుచ్చిబాబు అని ఎందుకంటోందండీ?

ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. ఈ గది కూడా మూసేస్తే పొద్దున్నే మంచి చీర కట్టుకోవడానికి నాకో కారణం ఉండదు. అందుకని ఇంకోసారి వెతకండి. ఓపిగ్గా వెతకండి.

ఇట్లు,
సలోమి

తా.క. ఇవాళ చేపల మేత అమ్మే ఆయన వచ్చి "బుచ్చిబాబు గారు లేరాండీ?" అన్నాడు. లేరన్నాను. అయినా కూర్చుని టీ తాగి, కూతురి పెళ్ళి కబుర్లన్నీ చెప్పి వెళ్ళాడు. ఆ బుచ్చిబాబు గారెవరో అదృష్టవంతులు.

మరొక తా.క. గెజిట్‌లో వేయించమంటే వేయిస్తాను. పేరుకు ముందు శ్రీ అనాలా, కుమారి అనాలా?

తాడేపల్లిగూడెం,
జూన్ 19

సలోమి టీచర్ గారికి, నమస్కారాలు.

మన్నించండి. తప్పు నాదే.

ముందు పెదపాడు నెట్‌వర్క్ కట్టి, దాన్నే మూసగా పెట్టుకున్నాను. ఊరి పేరు, కార్యదర్శి పేరు ఉండే చోట్లు ఖాళీగా వదిలి, ఏ సంఘానికి దించితే ఆ పేర్లు నింపాలి. మీ దగ్గర నింపలేదు. అందుకే మీరు పెదపాడు అయిపోయారు. నిన్న మూసలో మండవల్లి అనీ, సలోమి గారు అనీ స్పష్టంగా రాసి, మళ్ళీ దించాను. గది మూయొద్దని ఏలూరుకి కూడా రాశాను. ఒప్పుకున్నారు. "మూడు నెలలు చూస్తాం, వాడకం లేకపోతే మూసేస్తాం" అన్నారు.

తెరిచి చూసుకోండి. మీ పేరే పలుకుతుంది.

భవదీయుడు,
సాజిద్

తా.క. ఈ గదిలో యంత్రాల కోసం వేసే ఏసీకి నేను ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుంటాను. అలాగే బయటికి వెళ్తే టీ కొట్టాయన "ఎక్కడ, ఊటీయేనాండీ?" అన్నాడు. ఆయనతో మాట్లాడి వారమైంది. ఆ తర్వాత మాట్లాడింది మీతోనే.

మండవల్లి,
జూన్ 24

సాజిద్ బాబుకి, వందనాలు.

నా పేరే పలుకుతోంది. నాకొక్కదానికే కాదు, కొల్లేరు చుట్టూ ఉన్న సంఘాలన్నిటికీ.

మొదటి ఫోను బుచ్చిబాబు గారిది. "ఏవండీ, ఇది నన్ను సలోమి గారూ అంటోందండీ! మా ఆవిడ పొద్దుట్నించీ నన్ను టీచరు గారూ అని పిలుస్తోందండీ!" అన్నారు. తర్వాత గుండుగొలను నుంచి గంగాభవాని గారు. "సలోమి గారి ఫోటో కూడా పెట్టమనండీ, కనీసం మొహమైనా తెలుస్తుంది" అని నవ్వారు. ఇంకెవరో తెర నల్లగా అయిపోయిందన్నారు. నాకేం తెలుసు? "తీగ పీకేసి, చిన్న ప్రార్థన చేసుకుని, మళ్ళీ పెట్టండి" అన్నాను. వచ్చేసింది! అది ఎలా తెలిసిందో, అప్పట్నించీ తెర నల్లబడిన ప్రతివాళ్ళూ నాకే చేస్తున్నారు. పెదపాడులో ఒకాయన ప్రార్థన రాదంటే పద్యం చదువుకోమన్నాను. దానికీ వచ్చింది.

నిన్న బుచ్చిబాబు గారు స్కూటరు మీద మామిడిపళ్ళు వేసుకుని స్వయంగా వచ్చారు. సాయంత్రం దాకా కూర్చున్నారు. మాటల్లో తేలింది, ఆయన తమ్ముడు నా దగ్గర ఐదో తరగతి చదివాడట. ఇన్నాళ్ళూ ఈ సంఘాలన్నీ ఉన్నాయని కాగితాల మీదే తెలుసు నాకు.

ఇట్లు,
సలోమి

తా.క. సరిచెయ్యడానికి కంగారేం లేదు. నెమ్మదిగా చెయ్యండి. చాలా నెమ్మదిగా.

తాడేపల్లిగూడెం,
జూన్ 26

సలోమి టీచర్ గారికి, నమస్కారాలు.

మీ వెటకారం అర్థమైంది. "చాలా నెమ్మదిగా" అన్న మాట చదివి సిగ్గుతో భోజనం కూడా చెయ్యలేదు. పేరు నింపాల్సిన ఖాళీలో కాకుండా మూసలోనే మీ పేరు రాసేశాను. అది అందరికీ అచ్చుపడింది. తోమా గారు ఉత్తరం ఇచ్చి వెళ్ళిన పూటే మొత్తం సరిచేశాను. ఇప్పుడు పెదపాడు పెదపాడే, మండవల్లి మండవల్లే. ఎవరి ఫోను వాళ్ళకే. పాడైతే చెయ్యాల్సింది ఏలూరు ఆఫీసుకి.

మీరు పడ్డ ఇబ్బందికి చింతిస్తున్నాను.

భవదీయుడు,
సాజిద్

తా.క. ఇక మీదట మిమ్మల్ని ఎవరూ కదిలించరు. అది నా హామీ.

మండవల్లి,
జూలై 18

సాజిద్ బాబుకి, వందనాలు.

మీరు హామీ నిలబెట్టుకున్నారు.

వెటకారం చెయ్యలేదు బాబూ. నిజంగానే నెమ్మదిగా చెయ్యమన్నాను. రాతలో గొంతు వినపడదు కదా, మీ తప్పేం లేదు.

ఇక్కడంతా బాగానే ఉంది. కంప్యూటరు బాగుంది. ఫోను బాగుందో లేదోనని అప్పుడప్పుడూ ఎత్తి చూస్తున్నాను. బాగానే ఉంటోంది. మేత ఆయన పెదపాడు వెళ్ళిపోయాడు. ఏలూరులో ఫోనెత్తడం లేదని సంఘాలవాళ్ళు తిట్టుకుంటున్నారట, తోమా చెప్పాడు. గూడబాతులు చెరువు మీద వాలితే లేచి వెళ్ళి చూసొస్తాను. అవి కూడా ఎప్పుడూ గుంపుగానే ఉంటాయి. ఈ నెల వాడకం సున్నా అని తెర మీద పడింది.

ఇట్లు,
సలోమి

తా.క. ఇంకో తప్పు చెయ్యడానికి ఏమైనా వీలవుతుందా? పెద్దది వద్దు. చిన్నది.

తాడేపల్లిగూడెం,
జూలై 22

సలోమి టీచర్ గారికి, నమస్కారాలు.

కావాలని తప్పు చేస్తే ఉద్యోగం పోతుందండీ. కానీ మీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను.

మా ఊరు ఏలూరే. అన్నయ్య ఇంట్లో ఉండేవాణ్ణి. ఇప్పుడు సెలవుకి వెళ్తే, ఎప్పుడొచ్చావని వదిన అడిగేలోపు ఎప్పుడెళ్తావని అన్నయ్య అడుగుతాడు. ప్రేమ లేక కాదు, నేను పడుకునే గదిలో పిల్లల బల్ల వేశారు. ఇక్కడ గదిలో నాతో మాట్లాడేది ఏసీ ఒక్కటే. ఊరూరికీ మాటలు కలిపే పని నాది, నాకు మాత్రం ఫోను చెయ్యాల్సినవాళ్ళు లేరు. అందుకే మీరు రాసింది అర్థమైంది, ఆలస్యంగా.

మూసలో ఇంకో ఖాళీ ఉంది. "సహాయానికి ఎవరిని అడగాలి" అని. ఏలూరులో ఆ పని ఎవరూ ఒప్పుకోవడం లేదు. మీ పేరు చెప్పాను. "టీచరు గారైతే మంచిదే, మా ప్రాణాలు హాయి" అన్నారు. మీకిష్టమైతే ఒక్క సంతకం పంపండి. అన్ని సంఘాల ఫోన్లలోనూ ఆ ఖాళీలో మండవల్లి అని నింపి దించుతాను. ఈసారి తప్పు కాదు, పద్ధతి ప్రకారమే.

దాంతో నెట్‌వర్క్ పని పూర్తవుతుంది. ఫిర్యాదు లేకుండా ఉత్తరం రాసే రూలు సమాఖ్యలో లేదు కాబట్టి, ఇదే ఆఖరి ఉత్తరం అనుకుంటాను.

భవదీయుడు,
సాజిద్

తా.క. చిన్న ప్రార్థన చేసుకుని తీగ మళ్ళీ పెట్టడం ఇక్కడ కూడా పనిచేసింది. మా పైవాళ్ళకి చెప్పలేదు.

మండవల్లి,
సెప్టెంబరు 14

సాజిద్ బాబుకి, వందనాలు.

నా దగ్గర ఫిర్యాదు ఉంది. అందుకే రాస్తున్నాను.

నా సంతకం చూసి మీరు మండవల్లి పేరు దించిన రోజు నుంచీ ఈ ఫోను కుదురుగా లేదు. టీ పెట్టుకుంటే పొంగిపోతోంది, అన్నం వండితే మాడిపోతోంది. గుండుగొలను, పెదపాడు, ఆకివీడు, అందరూ నాకే. సగంమందికి ఏమీ పాడవడం లేదని కూడా కనిపెట్టాను. గది మూసే మాట ఏలూరులో ఎవరూ ఎత్తడం లేదు. అచ్చాయమ్మ గారు తన కుర్చీ తెచ్చుకుని ఇక్కడే కూర్చుంటున్నారు.

ఇది కాదు ఫిర్యాదు. తాడేపల్లిగూడెం సంఘం కార్యదర్శి అని ఒక పెద్దాయన రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను చేస్తున్నారు. డెబ్బై ఏళ్ళట. పాపం, బాగా దగ్గుతారు. కంప్యూటరు మీద లైటు వెలగడం లేదంటారు. తీగ పీకి పెట్టమంటే "వెలిగిందండీ" అంటారు. ఫోను మాత్రం పెట్టేయరు. ఇవాళ ఏం వండారండీ అంటారు. కొల్లేట్లో నీళ్ళెలా ఉన్నాయండీ అంటారు. మంచివారు. మర్నాడు లైటు మళ్ళీ వెలగదు.

నాకు అనుమానం రావడానికి మూడు కారణాలున్నాయి. ఒకటి, గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు ఉంది గానీ చేపల సంఘం ఎక్కడుందండీ? బుచ్చిబాబు గారిని కూడా అడిగాను. లేదన్నారు. రెండు, ఎవరు ఫోను చేసినా ఇందులో వాళ్ళ ఊరి పేరు పడుతుంది. ఈయన చేస్తే "పరీక్ష" అని పడుతోంది. ఫోను బిగించిన రోజు మీ గది నుంచి చేసి చూసినప్పుడూ అదే మాట పడింది. ఉద్యోగమంతా పిల్లలకి పరీక్షలు పెట్టినదాన్ని, ఆ మాట చూస్తే ఊరుకుంటానా? మూడు, ఆయన పేరు చరణ్‌తేజ అని చెప్పారు. డెబ్బై ఏళ్ళ కిందట ఏ తల్లి పెట్టిందండీ ఆ పేరు?

ఉత్తరాల్లో మీ గొంతు నాకెప్పుడూ వినపడలేదు, ఇప్పుడు ఫోనులో విన్నాను. బాగుంది. ఆ దగ్గు మాత్రం మానేయండి, నిజంగా పట్టుకుంటుంది. లైటు వెలగలేదని చెప్పక్కర్లేదు. ఏమీ పాడవకపోయినా చెయ్యండి.

ఇట్లు,
సలోమి

తా.క. ఆరింటికి వద్దు, ఆరున్నరకి చెయ్యండి. ఆరింటికి గుండుగొలనులో నిజంగానే పాడవుతోంది.